లాకర్ రూమ్‌లో చెరిపేసిన పోస్టు

“ఎన్నిసార్లు మోగింది?”

“ఏది మోగిందండీ?”

“మీ బల్ల మీది కంప్యూటర్. ఆ రోజు సాయంత్రం, ఆరున్నర ప్రాంతంలో.”

గోదాము సూపర్‌వైజర్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఇలా మూతలు తీసేవాళ్ళు గడియారమ్మకి కొత్తేం కాదు. ఇరవై ఆరేళ్ళు పోలీసు శాఖలో చేసింది. ఎవరేం చెప్పినా “ఎన్నింటికి?” అని అడిగి ప్రాణం తీస్తోందని అక్కడి కుర్ర కానిస్టేబుళ్ళు పెట్టిన పేరది. రిటైరై సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక కన్నవాళ్ళు పెట్టిన పేరు బోర్డు మీద మాత్రమే మిగిలింది.

దాదాపు ఆరు వారాల కిందట ఈ గోదాములోనే సామాన్ల లిఫ్టు గోతిలో పడి ఇరవై మూడేళ్ళ కుర్రాడు చనిపోయాడు. పోలీసుల లెక్క ఇదీ: సాయంత్రం ఆరూ నాలుగుకి వాళ్ళ అక్కతో ఫోన్లో గొడవ పడ్డాడు. ఆరూ ఇరవైకి మూడో అంతస్తు నుంచి దూకాడు. పడగానే పోయాడు. ఆత్మహత్య. ఫైలు మూసి బీరువాలో పెట్టేశారు.

ఫైలు మూసుకుంది గానీ ఆ అక్కకి మాత్రం అక్కడే మొదలైంది. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి వాడి ఏడో ఏటి నుంచి తనే పెంచింది. ఆ సాయంత్రం ఫోన్లో ఆమె అన్న మాట, “నువ్వు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఇక నా గడప తొక్కకు.” కోపమొస్తే ఏ ఇంట్లోనైనా నోరు జారే మాటే. కానీ పదహారు నిమిషాలకే వాడు పోయాడన్నారు. నాలుగు రోజుల కిందట ఆవిడ గడియారమ్మ ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా ఒక్కటే అడిగింది. “నా మాటకే పోయాడా మేడమ్? అవునైతే అవుననే చెప్పండి, నన్ను ఓదార్చొద్దు. తెలియకుండా మాత్రం నేను బతకలేను.” బతకలేనన్న మాట ఊరికే అనలేదని ఆ మొహం చూడగానే గడియారమ్మకి తెలిసిపోయింది. అందుకే నాలుగు రోజులుగా ఈ గోదాము చుట్టూ తిరుగుతోంది.

“చూడు బాబూ,” అంది సూపర్‌వైజర్‌తో, మర్యాద కొంచెం తగ్గించి. “ఇక్కడ పనిచేసే ప్రతివాడి చేతిలో ఒక స్కానర్ గన్ను ఉంటుంది, పెట్టెల మీది చీటీలు చదవడానికి. సరైన చీటీ కాకుండా ఇంకేదైనా చూపించి నొక్కితే నీ కంప్యూటర్ కీచుమంటుంది. అవునా?”

“అవునండీ.”

“ఆ కుర్రాడిది పదిహేడో నంబరు గన్ను. ఆ రోజు లెక్కలన్నీ నీ కంప్యూటర్లోనే ఉంటాయి. వాటిని తీయించడం నాకు చేతకాక కాదు, నీ నోటితో చెబితే నీకే బాగుంటుందని అడుగుతున్నాను.”

పెన్ను మూత కింద పడింది. “తొమ్మిది సార్లు,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “ఆరూ ఇరవై తొమ్మిదికి మొదలైంది. అదే పనిగా మోగుతుంటే చిరాకేసి సౌండు తీసేశాను. కొత్తగా చేరినవాళ్ళు ఊరికే నొక్కుతుంటారు మేడమ్. ఎవరో పడ్డారని నాకేమన్నా కలొచ్చిందా?”

“ఎన్నింటికి తీసేశావు?”

“ఆరూ ముప్పై ఎనిమిదికి.”

“ఆరూ ఇరవైకి చచ్చిపోయినవాడు ఆరూ ముప్పై ఎనిమిది దాకా బటన్ నొక్కుతూ కూర్చున్నాడన్నమాట. భేష్! పోలీసులకి ఈ సంగతి చెప్పావా?”

“వాళ్ళు అడగలేదండీ.”

“ఎందుకడుగుతారు నాయనా, అడిగితే పని పెరగదూ! ఆ గన్ను ఎక్కడుంది?”

“రిపేరు సొరుగులో. గోతిలో ఆ కుర్రాడి పక్కనే దొరికింది. అద్దం పగిలిందని తెచ్చి అందులో పడేశాం.”

పోలీసులకి గన్ను అక్కరలేకపోయింది. వాళ్ళకి ఫోను దొరికింది, అది చాలనుకున్నారు. ఈ గోదాములోకి ఎవరూ సొంత ఫోను తీసుకెళ్ళకూడదు. గేటు దగ్గర ఒక పెట్టెలో పెట్టి వెళ్ళాలి. కుర్రాడు ఆరింటికి విరామంలో బయటికొచ్చి అక్కతో మాట్లాడాడు, ఫోను పెట్టెలో పెట్టేసి లోపలికి వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు. ఆ ఫోన్లో చివరి పిలుపు అక్కది. దాన్ని పట్టుకుని పోలీసులు కథంతా అల్లేశారు.

పదిహేడో నంబరు గన్నుని ఛార్జింగులో పెట్టించి గడియారమ్మ మూడో అంతస్తుకి వెళ్ళింది. లిఫ్టు అక్కడ ఆగి ఉంటే తప్ప తలుపు తెరుచుకోదని, లేకపోతే తాళంచెవి పెట్టి తీయాలని, కుర్రాడి జేబులో తాళంచెవి దొరికింది కాబట్టి కావాలనే తీసి దూకాడని రిపోర్టులో ఉంది. ఆమె పక్కనున్న ట్రాలీ తీసుకుని, బరువు లాగేవాడు లాగినట్టు వెనక్కి నడుస్తూ తలుపుకి వీపు ఆనించింది. రెండో తోపుకి గొళ్ళెం జారి తలుపు పక్కకి పోయింది. సూపర్‌వైజర్ కెవ్వుమని ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు.

“తాళంచెవి ఏ జేబులో ఉంటే ఏం,” అంది ఆమె ఊపిరి కుదుటపడ్డాక. “వాడు వెనక్కి నడుస్తున్నాడు. వెనకాల లిఫ్టు ఉందనుకున్నాడు.”

తర్వాత నిచ్చెన వేయించుకుని గోతిలోకి దిగింది. మోకాళ్ళు ‘వద్దు తల్లీ’ అంటూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి లిఫ్టు ఆపేశారు కాబట్టి ఎక్కడిది అక్కడే ఉంది. మధ్యలో నల్లటి మరక. పోలీసుల ఫొటోల్లో ఉన్నది అదొక్కటే. టార్చి పక్కకి తిప్పితే, ఆ మరక నుంచి ఎడమ మూల దాకా నూనె జిడ్డులో ఈడ్చుకుపోయిన జాడ కనిపించింది. కొలిస్తే ఆరడుగులు. మూలలో గోడ మీద, కూర్చున్న మనిషి ఎత్తులో, అరచేతి గుర్తు ఉంది.

అక్కడికే ఎందుకు వెళ్ళాడు? తన ఫోను తీసి చూసింది. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. సూపర్‌వైజర్‌ని పిలిచి గన్ను కిందికి దింపించుకుంది. మరక దగ్గర గోదాము వైఫై అందలేదు. ఒక్కో అడుగూ జరుపుతూ మూలకి వెళ్ళేసరికి పగిలిన అద్దం మీద రెండు గీతలు వెలిగాయి.

కాలు విరిగినవాడు ఆ చీకట్లో ఆరడుగులు పాక్కుంటూ వెళ్ళింది ఈ రెండు గీతల కోసం. గడియారమ్మ ఆ మూలలోనే, అదే గోడకి ఆనుకుని కాసేపు కూర్చుండిపోయింది. కేసుల్లో ఏడవకూడదని ఎందరికో పాఠాలు చెప్పింది. ఇప్పుడు చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఈ గన్నులో ఇంటర్నెట్ వస్తుందా?” అని పైకి అరిచింది.

“మా ఆఫీసు పేజీ తప్ప ఏదీ రాదండీ! వీడియోలు, మెయిళ్ళు, చాటింగులు, అన్నీ బంద్ చేశాం!”

అన్నీ బంద్ చేసినవాళ్ళకి ఒక పేజీ సంగతి తెలియలేదు. తెర మీద అదే తెరుచుకుని ఉంది. పైన నీలం రంగు పట్టీ, దాని మీద హెల్మెట్ బొమ్మ, కింద ఒక ఆటగాడి పేరు: మెరుపు, రూకీ.

దీని గురించి అక్క చెప్పింది, తిట్టుకుంటూనే. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట, కానీ ఇందులో ఎవరూ ఒళ్ళు వంచి పరిగెత్తరు. ప్రతివాడూ ఆన్‌లైన్లో ఒక ఆటగాణ్ణి పుట్టించుకుంటాడు, పేరు పెడతాడు, వారం వారం సాధన చేయించి, పాయింట్లు సంపాదించి వాడికి వేగం, బలం పెంచుకుంటాడు. టీములకి మేనేజర్లుంటారు, కొత్తవాళ్ళని వాళ్ళే ఏరుకుంటారు. టీమువాళ్ళు రాతల్లో మాట్లాడుకునే పేజీ పేరు లాకర్ రూమ్. ఆదివారం కంప్యూటరే మ్యాచ్ ఆడించి ఎవరు గెలిచారో చెబుతుంది. మొదటి సీజన్ ఆడేవాడు రూకీ. రెండు వందల మంది మన భాషవాళ్ళే కలిసి నడుపుకుంటున్న చిన్న లీగ్. పోయే ముందు ఆదివారం మ్యాచ్ చూస్తూ కూర్చుని కుర్రాడు లైసెన్సు పరీక్షకి వెళ్ళలేదు. అక్క కోపమంతా దానికే.

గడియారమ్మ వేలితో కిందికి జరిపింది. మెరుపు చేసిన పనులన్నీ టైముతో సహా ఉన్నాయి. చివరి రెండు ఇవి.

సాయంత్రం 6:41, లాకర్ రూమ్‌లో పోస్టు. తొలగించినది టీమ్ మేనేజర్, రాత్రి 9:12.

సాయంత్రం 6:52, లాకర్ రూమ్‌లో పోస్టు. తొలగించినది టీమ్ మేనేజర్, రాత్రి 9:12.

“పైకి రండి మేడమ్!” అని ఇంకో గొంతు వినిపించింది. “ఈ వయసులో గోతుల్లో దిగడాలేంటి? కాలో చెయ్యో విరిగితే ఆ ఫైలు కూడా నా నెత్తినే పడుతుంది.”

కేసు మూసిన ఇన్‌స్పెక్టర్. సూపర్‌వైజర్ ఎప్పుడు ఫోన్ చేశాడో! ఒకప్పుడు ఈయన గడియారమ్మ కిందే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాటిలో చేతికి వాచీ కట్టుకోవడం ఒక్కటే మిగిలినట్టుంది.

ఆమె నిచ్చెనెక్కి వచ్చి, చీర దులుపుకుని సూటిగా అడిగింది. “‘పడగానే మరణం’ అని డాక్టరు రాశాడా, నువ్వు రాశావా?”

“డాక్టరు సమయం కచ్చితంగా చెప్పలేమన్నారు.”

“అందుకని నువ్వు చెప్పేశావు.”

“మేడమ్, అక్కతో గొడవ, జేబులో తాళంచెవి, శవం. ఇంకేం కావాలి?”

“వీపుతో తోస్తే ఊడే గొళ్ళెం కావాలి. తొమ్మిదిసార్లు మోగిన కంప్యూటర్ కావాలి. ఆరడుగుల జాడ కావాలి. మూడూ ఇక్కడే ఉన్నాయి. నీకు కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, వంగడానికి నడుమే లేకపోయింది.”

ఇన్‌స్పెక్టర్ మొహం కందిపోయింది. చెయ్యి చాపాడు. “ఆ గన్ను ఇటివ్వండి. అది సాక్ష్యం.”

“ఆరు వారాలు సొరుగులో పడున్నప్పుడు కాదా సాక్ష్యం?”

“ఇవ్వకపోతే మీమీదే కేసు రాయాల్సొస్తుంది. మర్యాదగా చెబుతున్నాను.”

“ఇస్తాను. రసీదు రాయి. కింద టైము వెయ్యి.”

పళ్ళు నూరుకుంటూ రాసిచ్చాడు. ఆమె టైము సరిచూసి మరీ తీసుకుంది. మెట్లు దిగబోతుంటే ఆయన వెనకే వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. “ఒక్కమాట మేడమ్. ఏం చెబుతారు వాళ్ళక్కకి? మీ తమ్ముడు దూకలేదమ్మా, కాలు విరిగి, బతికే ఉండి, చీకట్లో అరగంట మనుషుల్ని పిలిచి పిలిచి పోయాడు అనా? నేను రాసిన చావే నయం కదండీ. అందులో నొప్పన్నా లేదు.”

గడియారమ్మ రసీదు మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. ఒళ్ళు మండింది. ఈ మనిషి ఆరు వారాల్లో నిజమనిపించే మాట ఏదైనా అన్నాడంటే అది ఇదొక్కటే.

మధ్యాహ్నం ఒంటి గంటకి లీగ్ పెద్ద వీడియో కాల్లో దొరికాడు. ఎక్కడో దూరాన లెక్కల మాస్టారు. వెనకాల బోర్డు మీద సగం చెరిపిన భిన్నాలు కనిపిస్తున్నాయి. కుర్రాడు చనిపోయాడన్న సంగతే ఆయనకి తెలియదు. విని కుర్చీలోంచి సగం లేచాడు.

“చనిపోవడమేంటండీ! మెరుపు పోయిన ఆదివారం కూడా ఆడాడు. మూడుసార్లు బంతి అందుకుని గీత దాటాడు. ఈ సీజన్ ఉత్తమ రూకీ వాడే, రేపో మాపో ప్రకటించాలి.”

“చనిపోయినవాడికి సాధన ఎవరు చేయిస్తున్నారు మాస్టారూ?”

“వాళ్ళ మేనేజరే అయ్యుండాలి. ఎవరైనా రాకపోతే టీములోంచి పోకుండా మేనేజర్ వాళ్ళ తరఫున సాధన వెయ్యొచ్చు. ఆయన్ని అందరూ కోచ్ అంటారు. అసలు పేరు మాకు తెలీదు, అడగం. ఆరు వారాలుగా ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు గానీ, ప్రతి ఆదివారం వచ్చి ఆ కుర్రాడి సాధన మాత్రం వేసి వెళ్తున్నాడు.”

“మామూలుగా ఎప్పుడెప్పుడు వచ్చేవాడు?”

“రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరూ ముప్పావు దాకా. మళ్ళీ రాత్రి తొమ్మిది దాటాక. గురువారం మాత్రం పగలంతా ఆన్‌లైన్లోనే ఉండేవాడు. ఇంకోటి. ఈ సీజన్‌కి కొత్తవాళ్ళని ఏరుకునేటప్పుడు ఆ కుర్రాణ్ణి మొట్టమొదటి పిలుపుకే తీసుకున్నాడు. వాడి అంకెలకి అంత విలువ లేదు. అందరం నవ్వాం.”

చెరిపేసిన పోస్టుల నకళ్ళు లీగ్ పెద్ద దగ్గర ఉంటాయి. మాస్టారు వాటిని తెర మీద పెట్టాడు.

6:41, మెరుపు: “పడిపోయాను. కాలు విరిగింది. లేవలేకపోతున్నాను. చాలా చీకటిగా ఉంది. ఎవరైనా రండి.”

6:43, కోచ్: “అదీ దెబ్బ! రూకీ అంటే ఇలా రాయాలి. ఈ వారం బెస్ట్ కథ నీదే, ఏడు పాయింట్లు. స్ట్రెచర్ వస్తోంది, పళ్ళు బిగబట్టుకో!”

గడియారమ్మ రెండుసార్లు చదివింది. “ఇదేంటి మాస్టారూ? మనిషి చచ్చిపోతున్నానంటే మార్కులేంటి?”

“మా పద్ధతండీ అది. వారానికో కథ రాయాలి, ఆటగాడే మాట్లాడుతున్నట్టు. దెబ్బ తగిలిన కథలకి ఎక్కువ పాయింట్లు. రూకీలు పాయింట్ల కోసం మొహం వాచి ఉంటారు, వారం వారం కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకుంటారు. ఆ కుర్రాడు అంతకుముందు మూడు వారాలు అలాంటివే రాశాడు, బ్రహ్మాండంగా రాశాడు. ఇంకో రూలు, లాకర్ రూమ్‌లో కథలోంచి బయటికొచ్చి మాట్లాడితే పాయింట్లు కోత. ఆ రూలు పెట్టింది నేనే.”

ఆయన కళ్ళజోడు తీసేసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. గడియారమ్మ రెండో పోస్టు తెరిచింది.

6:52, మెరుపు: “కోచ్, ఇది కథ కాదు. నిజంగా మా గోదాము లిఫ్టు గోతిలో పడ్డాను. దీంట్లో ఈ పేజీ ఒక్కటే తెరుచుకుంటోంది. మా అక్కకి ఫోన్ చెయ్యండి.” దాని పక్కన నంబరు. అది అక్క నంబరే.

కింద ఇంకెవరో టీమువాడు, 6:55కి: “నంబరు కూడా పెట్టాడు! నటనంటే ఇదిరా అయ్యా!”

మెరుపు పోస్టులో నంబరు తర్వాత ఇంకో రెండు ముక్కలున్నాయి. గడియారమ్మ అవి కాగితం మీద రాసుకుంది.

నాలుగింటికి అక్క ఇంటి బెల్లు కొట్టింది. రెండు గదుల ఇల్లు, రెండో అంతస్తు. తలుపు తీసింది ఆవిడ భర్త, అంటే కుర్రాడి బావ. మెతక మనిషి, మాట తక్కువ.

“రండి మేడమ్, లోపలుంది.”

“మీరు ఇంట్లోనే ఉన్నారే ఈ వేళప్పుడు?”

“ఇవాళ గురువారం కదండీ. మా కళ్ళజోళ్ళ షాపుకి సెలవు.”

చెప్పులు విప్పుతున్న గడియారమ్మ గోడ పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. తర్వాత లోపలికి నడిచింది. ఇంత బరువుగా ఏ ఇంట్లోకీ ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

అక్క మంచం మీంచి లేచి వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో పని, ఆరు వారాలుగా వెళ్ళడం లేదు. జడ వేసుకుని ఎన్నాళ్ళయిందో. గడియారమ్మ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, సాగదీయకుండా చెప్పేసింది.

“మీ తమ్ముడు దూకలేదమ్మా. లిఫ్టు తలుపు గొళ్ళెం పాడైంది. ట్రాలీ లాగుతూ వెనక్కి నడిచి పడిపోయాడు. మీ మాటకీ దానికీ ఏ సంబంధం లేదు.”

అక్క ఒక్క నిమిషం ఏమీ అర్థం కానట్టు చూసింది. “కాదా?” అంది. “నిజంగా కాదా? నా మీద ఒట్టేసి చెప్పండి.” గడియారమ్మ తల ఊపగానే రెండు చేతులతో మొహం కప్పుకుని పెద్దగా ఏడ్చేసింది. ఆ ఏడుపులోనే మధ్యమధ్య నవ్వుతోంది. “ఏవండీ, విన్నారా? వాడు నా వల్ల పోలేదట!”

బావ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. విన్నానన్నట్టు తల ఊపాడు గానీ లోపలికి రాలేదు.

అక్క కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెల్లిగా అడిగింది. “పడగానే పోయాడు కదా?”

జీవితమంతా ఊళ్ళో వాళ్ళందరినీ టైములు అడిగిన మనిషికి టైము చెప్పడానికి నోరు పెగల్లేదు. “కొంతసేపు ఉన్నాడమ్మా.”

“మీరు కొంతసేపు అనే మనిషి కాదు మేడమ్. ఎంతసేపు?”

“అరగంట పైన.”

ఇక దాచి లాభం లేదు. గన్ను సంగతి, మూలకి పాకిన సంగతి, తెరుచుకున్న ఒకే ఒక్క పేజీ సంగతి చెప్పింది. మొదటి పోస్టు చదివింది. దాని కిందున్న జవాబు కూడా చదివింది.

“ఏడు పాయింట్లా?” అక్క లేచి నిలబడింది. “మా వాడు రండి రండి అని మొత్తుకుంటుంటే మార్కులు వేశాడా? ఎవడు వాడు? వాడికి అక్కచెల్లెళ్ళు లేరా? తర్వాతైనా తెలిసుంటుందిగా, ఒక్క ఫోన్ చెయ్యలేదే! వాడి నోట మన్ను పడ! మేడమ్, ఆ మనిషి నాకు కావాలి. నా ముందు నిలబెట్టి అడుగుతాను.”

గడియారమ్మ ఆమెని చూడలేదు, గుమ్మం వైపు కూడా చూడలేదు. చేతిలో కాగితం మడత విప్పుతూ అడిగింది. “ఆ రోజు రాత్రి తొమ్మిదీ పన్నెండుకి మీరెక్కడున్నారమ్మా?”

“ఆస్పత్రిలో. ఎనిమిదింపావుకి గోదాము వాళ్ళు ఫోన్ చేశారు. ఈయన అప్పుడే బస్సు దిగి వచ్చారు, ఇద్దరం పరిగెత్తాం.”

“తొమ్మిదీ పన్నెండుకి మీవారు మీ పక్కనే ఉన్నారా?”

“లేరు. నీళ్ళు తెస్తానని వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఒక్కదాన్నే కూర్చున్నాను, గుర్తుంది. ఎందుకు?”

“ఏం లేదమ్మా. మీ వాడు రెండో పోస్టు కూడా పెట్టాడు. అందులో ఇది కథ కాదని చెప్పి, మీ నంబరిచ్చి, మీకో మాట చెప్పమన్నాడు. ఆ మాట చదివినవాళ్ళు చాలా కొద్దిమంది.” ఇప్పుడు తలెత్తి గుమ్మం వైపు చూసింది. “చదవనా? మీరు చెబుతారా?”

ఎందరినో ఇలా నిలబెట్టి నిజం రాబట్టింది. ఈయన దగ్గర అంత కష్టం కూడా లేకపోయింది. బావ గుమ్మం పట్టుకుని నేల మీదికి జారి కూర్చున్నాడు. కాగితం చూడకుండా, అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు.

“‘అక్క తిట్టిందని నాకేం కోపం లేదని చెప్పండి. ఏమీ తినకుండా కూర్చునుంటుంది, తినమనండి.’”

అక్క ఆయన్నీ గడియారమ్మనీ మార్చి మార్చి చూసింది. “ఇది మీకెలా తెలుసు?”

“కోచ్ నేనే. వాడు నాతో పదేళ్ళలో పది మాటలు మాట్లాడలేదు, నీకు తెలుసుగా. వాడి ఫోన్లో ఆ ఆట చూసి, నేనూ వేరే పేరుతో చేరాను. అక్కడ నాతో గంటలు గంటలు మాట్లాడేవాడు. పనిలో కష్టాలు, నువ్వంటే ఎంత ప్రాణమో, అన్నీ. నేనని తెలిస్తే మానేస్తాడని చెప్పలేదు. ఆ రోజు కూడా కథే అనుకున్నాను. పాయింట్లేసి, ఫోను సంచిలో పెట్టి బస్సెక్కాను. రెండోది ఆస్పత్రిలో చూశాను. నీ నంబరు చూశాను.”

“చూసి?”

“చెరిపేశాను.”

పదకొండేళ్ళ కాపురంలో ఆయన్ని మీరు అని తప్ప పిలవని మనిషి, దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“నువ్వు పాయింట్లు వేశావని కాదు,” అంది. “తెలియక వేశావు, తెలిస్తే పరిగెత్తుండేవాడివి. అది నాకు తెలుసు. కానీ వాడు నాకు చెప్పమన్న మాట నీ దగ్గరుంది. ఆరు వారాలుగా రోజూ నా పక్కనే పడుకున్నావు. రోజూ నిన్ను అడిగాను, నా మాటకే పోయాడా అని. నువ్వేమన్నావు?”

ఆయన తలెత్తలేదు.

“‘అలా అనుకోకు’ అన్నావు. అంతే అన్నావు.”

“నువ్వు నన్ను వదిలేస్తావని భయమేసింది.”

“నేను చచ్చిపోదామనుకున్నాను. రెండుసార్లు.” ఆమె గొంతు పెంచలేదు. “నువ్వు ఆదివారం ఆదివారం వాడి బొమ్మకి సాధన చేయించావు. నన్ను మాత్రం ఇలా వదిలేశావు.”

బావ రెండు చేతులూ జోడించబోయాడు. ఆమె ఆ చేతుల పక్కనుంచి నడిచి వంటగదిలోకి వెళ్ళింది. పళ్ళెం తీసిన చప్పుడైంది. పొద్దున ఆయన వండి మూతపెట్టి ఉంచిందే చల్లారిపోయి ఉంది. వడ్డించుకుని, గట్టు దగ్గర నిలబడి, ఒక్కో ముద్దా తినసాగింది. ఏడుపుకి ముద్ద దిగడం లేదు. అయినా ఆపకుండా తింటోంది. గడియారమ్మ లేచి నీళ్ళు ముంచి ఆమె చేతికి అందించింది.

పళ్ళెం ఖాళీ అయ్యాక అక్క చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గడియారమ్మ వైపు తిరిగింది.

“ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చెయ్యండి మేడమ్. మా వాడి ఫైలు మళ్ళీ తెరవమనండి. సాక్షి నా ఇంట్లోనే ఉన్నాడని చెప్పండి.”